మొదటి పిడికెడు విత్తనం

మా అత్తగారింట్లో విత్తనం వేసే రోజున మొదటి పిడికెడు కొత్త కోడలి చేతిదే. ఆరుద్ర కార్తెలోనో పునర్వసులోనో నేల పదునయ్యేంత వాన పడితే చాలు, తెల్లవారేసరికి విత్తనం వేసే గొర్రుకు పసుపు రాసి కుంకుమ పెడతారు. దాని మీది జడ్డిగానికి, అంటే విత్తనాలు పోసే చెక్క గిన్నెకు, వేపమండ కడతారు. ఎద్దుల ముందు టెంకాయ కొడతారు. అప్పుడు ఆ ఇంటి కోడలు తలకు పోసుకున్న తడి జుట్టుతో వచ్చి, ఒళ్ళోంచి పిడికెడు వేరుశనగ గింజలు తీసి జడ్డిగంలో పోస్తుంది. గొర్రు కదులుతుంది. ఆ ఏడు పంట ఎలా వచ్చినా అందరికీ గుర్తుండేది ఆ చెయ్యే.

నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన రైల్వేలో పని చేసేవాడు. వాన అంటే మాకు రైళ్ళు ఆలస్యం కావడం, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోవడం. అంతకు మించి ఆకాశంతో మాకు పని పడలేదు. తొంభైల చివర్లో అనంతపురంలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ పూర్తి చేశాను. పరీక్షలయ్యాయో లేదో, మా అమ్మ పుట్టింటి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. మడకశిర వైపు పల్లె, వేరుశనగ సేద్యం. అబ్బాయి డిగ్రీ చదివి కూడా ఉద్యోగం కోసం తిరగకుండా పొలంలోనే ఉన్నాడు.

చూపులకు వచ్చినప్పుడు ఆయన పెద్దగా మాట్లాడలేదు. పోతూ పోతూ నేనేం చదివానని అడిగాడు. లెక్కలంటే భయపడతాడేమోనని, "రెండు విషయాలు కలిసి నడుస్తాంటే, ఒకదాన్ని చూసి ఇంకోటి ఎంతుంటాదో అంచనా కట్టేది" అన్నాను.

ఆయన "మబ్బును చూసి వాన చెప్పినట్లా?" అన్నాడు.

"మబ్బు చూసి చెప్పేటోళ్ళు తప్పితే ఊరుకుంటారు. మేము ఎంత తప్పుతామో గూడా ముందే చెప్తాము."

నవ్వాడు. నేను పెళ్ళికి ఒప్పుకున్నది ఆ నవ్వు చూసే. ఇంకో కారణం ఏదైనా ఉందని చెబితే అబద్ధమవుతుంది.

నిశ్చితార్థం ముగించుకుని వాళ్ళు ఊరు చేరిన వారంలోనే, అదను కాని అదనులో పెద్ద వాన పడిందట. వాగు పారిందట. "గొడ్డొచ్చిన వేళ, కోడలొచ్చిన వేళ" అని మా అత్త వీధి వీధికీ చెప్పుకుందని కబురొచ్చింది. మా అమ్మ మురిసిపోయింది. నేనూ మురిశాను. అప్పటికి ఎమ్మెస్సీ పట్టా చేతిలో ఉంది, అయినా వానకూ నా నిశ్చితార్థానికీ ఏం సంబంధమని అడగాలని తోచలేదు. పొగడ్తకు రుజువు అడిగేవాళ్ళు ఎవరుంటారు?

మొదటి ఏడు నా చేత్తోనే విత్తనం పడింది. పిడికిలి గబుక్కున తెరవబోతుంటే, గొర్రు పట్టుకున్న ఆయన ఎవరికీ వినపడకుండా "రైలేం పోదులే, నిదానంగా పొయ్యి" అన్నాడు. మొలక బాగా వచ్చింది. ఎర్ర నేల మీద పచ్చటి సాళ్ళు చూసి, ఇది నా చేతి పనే అన్నంత గర్వంగా తిరిగాను. పువ్వు పూసింది. వేరుశనగకు పువ్వు పైన పూస్తుంది, దానిలోంచి ఊడ నేలలోకి దిగుతుంది, కాయ నేల లోపల ఊరుతుంది. ఊడ దిగే వేళకు నేల మెత్తగా ఉండాలి. ఆ ఏడు సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేసింది. నేల గట్టిపడి, దిగలేని ఊడలు గాలిలోనే నల్లబడ్డాయి. మామ ఒక చెట్టు పీకి, దులిపి చూసి, పక్కన పెట్టాడు. "మఖా పుబ్బా వరుపైతే మీ అన్న సేద్యమూ మా అన్న సేద్యమూ మన్నే" అన్నాడు. వరుపంటే వాన లేకపోవడం. ఆ సామెత నేను వినడం అదే మొదలు. అత్త నన్ను ఒకసారి చూసింది, అంతే.

రెండో ఏడు విత్తనానికి ముందు నా చేత ఊరమ్మకు పొంగలి పెట్టించింది. పసుపు గుడ్డలో కట్టి రాత్రంతా దేవుడి గూట్లో ఉంచిన గింజలు నా ఒళ్ళో పోసింది. ఆ ఏడూ అంతే. మూడో ఏడు విత్తనం రోజు నేను తలకు పోసుకుని వస్తే, అత్త అప్పటికే కొంగు దోపుకుని గొర్రు దగ్గర నిలబడి ఉంది. "ఈసారికి నేనే వేస్తాలేమ్మా" అంది. గొంతు మామూలుగానే ఉంది. నేను తడి జుట్టుతో గట్టు మీద నిలబడి చూశాను. ఆయన ఎద్దుల కాడి సరిచేస్తూ నా వైపు తల తిప్పలేదు.

అత్త చేత్తో వేసినా వాన రాలేదు. నాకు లోలోపల కొంచెం ఊరట కలిగిన మాట నిజం. చెయ్యి మారింది కదా, ఫలితం మారలేదు కదా, ఇక నా జోలికి రారనుకున్నాను. నీళ్ళ కొళాయి దగ్గర పక్కింటి పెద్దామె ఆ ఊరట కూడా మిగల్చలేదు. "చెయ్యి మారిస్తే ఏమొస్తాదిలేమ్మా. కాలు ఇంట్లోనే ఉండాది గదా" అంది. బిందె నిండేదాకా అక్కడే నిలబడ్డాను. నిండాక ఎత్తుకుని వచ్చేశాను.

ఆ కొళాయి దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. నా పెళ్ళయిన ఏడే ఊళ్ళోకి ఇంకా ఇద్దరు కోడళ్ళు వచ్చారు. ఒకామె కింది వీధిలో, ఒకామె మసీదు పక్కన. మాటల్లో మాటగా బయటపడింది, వాళ్ళిళ్ళలో వాళ్ళూ ఇదే మాట పడుతున్నారు. మసీదు పక్కనామె వాళ్ళకు పొలం కూడా లేదు, గొర్రెలు. మేత లేక గొర్రెలు చస్తే ఆమె కాలు మంచిది కాదన్నారట. ఒక వాన రాకపోవడానికి ఊళ్ళో మేం ముగ్గురం ముద్దాయిలం. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. ఆ ఏడంతా నేను నవ్వింది అప్పుడే.

ఎండాకాలం చివర్లో విత్తనం కాయలు ఒలుస్తారు. మిషన్‌లో వేస్తే గింజ పొర లేచిపోతుందని చేత్తోనే ఒలిచేవాళ్ళు. ఒక మధ్యాహ్నం వసారాలో మేం నలుగురం ఒలుస్తున్నాం. చాలాకాలంగా నోట్లో నానుతున్న మాట ఆరోజు అడిగేశాను.

"మామా, నీకు గుర్తున్న ఏండ్లల్లో ఏ యేడు వాన ఎట్లుండె, పంట ఎట్లుండె చెప్తావా?"

మామకు అలాంటి సంగతులంటే ఇష్టం. ఏ ఏడు వాగు పారింది, ఏ ఏడు మేతకు వేరుశనగ కట్టె కూడా పశువులకు మిగల్లేదు, అన్నీ వరసగా చెప్పాడు. ఆయన చెప్పే ఒక్కో ఏటికి నేను నేల మీద ఒక్కో గింజ పెట్టాను. వాన తక్కువైన ఏళ్ళు ఎడమ పక్కకు, ఎక్కువైనవి కుడి పక్కకు. పంట బాగా వస్తే గింజ పైకి, రాకపోతే కిందికి. కాసేపటికి ఆ గింజలన్నీ ఎడమ పక్క కింది నుంచి కుడి పక్క పైకి ఏటవాలుగా ఒక దారి పట్టాయి. ఒకటి రెండు అటూ ఇటూ జరిగినా దారి మాత్రం స్పష్టంగా ఉంది. మామ ఒలవడం ఆపి వంగి చూశాడు. "ఇదేమప్పా, మన సేద్యమంతా ఈడ పరిచినావే" అన్నాడు.

అత్త నేరుగా అడిగింది. "నువ్వొచ్చినాక గింజలు యాడుండాయి?"

చూపించాను. ఎడమ పక్క, అట్టడుగున, ఒకదాని పక్కన ఒకటి.

"సూస్తివా" అంది అత్త.

"చూడత్తా, అవి కిందనే ఉండాయి. కానీ దారి మీదనే ఉండాయి. అంత తక్కువ వానకు ఎంత పంట రావల్నో అంతే వచ్చింది. పాత కరువు యేండ్ల గింజలు గూడా వాటి పక్కనే ఉండాయి, అప్పుడు నేను పుట్టనే లేదు. నా వల్ల ఇంకేమన్నా చెడుపు జరిగింటే ఈ గింజలు దారి తప్పి ఇంకా కిందికి పోవల్ల."

క్లాసులో అయితే దీనికి ఒక పీరియడ్ పడుతుంది. అక్కడ నాలుగు మాటల్లో చెప్పేశాను, గెలిచేశాననే అనుకున్నాను. అత్త వంగి ఆ గింజల వైపు చూసింది.

"పంట ఎండింది వాన రాకనే. నేను గాదంటానా? ఆ వాన ఎందుకు రాలేదని నేనడగతాండేది" అంది.

నేను వానను పక్కనబెట్టి నా లెక్క తేల్చాను. ఆమె దృష్టిలో నేను వానతోనే పనిచేస్తున్నాను. నేను వానను ఆపాను, వాన పంటను ఆపింది. ఆ కథలో ఎన్ని గింజలు దారి మీద పడినా నాకు విడుదల లేదు. అయినా ఊరుకోలేదు. "ఊరంతటికీ రాలేదు గదత్తా. మామ చెప్తాడే, మీ అన్న సేద్యమూ మా అన్న సేద్యమూ అని. వాళ్ళ ఇండ్లకు నేను పోలేదు గదా" అన్నాను.

"వాన ఇండ్లను బట్టి పడ్తాదా? ఊరికి ఒక కాలు చాలు."

మామ నవ్వాపుకోవడానికి దగ్గాడు. అత్త చీపురు తెచ్చి గింజల్ని చేటలోకి ఊడ్చింది. విత్తనం గింజలు కదా, వాటిని నేల మీద వదిలేస్తారా.

మా ఆయన ఇంతసేపూ తల ఎత్తకుండా ఒలుస్తూనే ఉన్నాడు. సాయంత్రం ఎద్దులకు నీళ్ళు పెట్టేటప్పుడు దొడ్లో పట్టుకున్నాను.

"నీకేమనిపిస్తాంది?"

"నీ లెక్క సరిగ్గానే ఉండాది."

"లెక్క వదిలిపెట్టు. నా వల్ల గాదని ఒక్క మాట చెప్పు. అత్తకు చెప్పొద్దు, ఊరికి చెప్పొద్దు, నాకు చెప్పు."

ఆయన ఎద్దు గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు. "గాదనే అనుకుంటాండా. కానీ..." అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు. మూడేళ్ళుగా అత్త అన్నవీ ఊరు అన్నవీ అన్నీ కలిపినా ఆ 'కానీ' అంత నొప్పి పెట్టలేదు. వాళ్ళు పరాయివాళ్ళు అనుకుని ఓర్చుకున్నాను. ఈయన నా మనిషి అనుకున్నాను.

కోపంతోనే, ఆ దొడ్లో నిలబడే, ఆయనకు పాఠం చెప్పాను. నేను ఈ ఇంట్లో ఉన్న ఏళ్ళన్నీ కరువు ఏళ్ళే. రెండు విషయాలు ఎప్పుడూ జంటగానే కనిపిస్తుంటే ఏది దేని పనో విడదీయడం ఎవరి వల్లా కాదు, అది లెక్కల్లో పెద్ద చిక్కు. కంప్యూటరుకు ఇచ్చినా ఏదో ఒక అంకె కక్కుతుంది గానీ దాన్ని నమ్మలేం. విడదీయాలంటే జంట విడిపోయిన ఏడు ఒకటి కావాలి. నేనుండి వాన పడిన ఏడు, లేకపోతే నేను లేకుండా వాన పడని ఏడు. పెళ్ళికి ముందు కరువులను మీరు లెక్కలోకి తీసుకోరు, నేనొచ్చాక అలాంటి ఏడు మీ దగ్గర ఒక్కటీ లేదు, మరి ఏ ధైర్యంతో నన్నంటున్నారు? ఇదీ నేను చెప్పింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. మంచి విద్యార్థి. వారం తర్వాత, అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ అన్నాడు.

"అనంతపురంలో కాలేజీలో లెక్చరర్లు కావాలంటాండారంట. నువ్వు సదివిన సదువు ఊరికే పోతాంది గదా. ఒక్క యేడు ఆడుండి సూడగూడదా?"

ఎందుకోసం చెబుతున్నాడో నాకు అర్థమైంది. నా చదువు కోసం కాదు. నేను లేని ఏడు ఒకటి కావాలి ఆయనకు. నేనే చెప్పాను కదా, కావాలని. నా పాఠం అంత బాగా అర్థం చేసుకున్నవాళ్ళు ఆ తర్వాత నా క్లాసుల్లో కూడా ఎక్కువమంది లేరు.

అత్త నాకు పూర్ణం పెట్టి ఓళిగలు చేసి డబ్బాలో సర్ది ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చి, "నేనొచ్చిన యేడు గూడా కరువేమ్మా. మా అత్త నన్నేమనిందో నీకు దెలీదు. ఓర్చుకున్యా, వాన వచ్చె" అంది. కళ్ళు తుడుచుకుంది. ఆమె మీద కోపం పెట్టుకోవడానికి కూడా దారి లేకుండా చేసింది ఆ ముసలిది. ఆయన బస్సు దాకా సంచి మోసుకొచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, "జూన్ నెల బో ఎండలు, నీళ్ళు బాగా తాగు" అన్నాడు.

అనంతపురంలో ఒక చిన్న గది, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. సహసంబంధం పాఠంతో మొదలైంది నా ఉద్యోగం. రెండు చలరాశులు కలిసి పెరిగినంత మాత్రాన, కలిసి తరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు అని బోర్డు మీద రాసి గీత గీసేదాన్ని. ఉదాహరణ అడిగితే గొడుగులూ కప్పలూ అని చెప్పేదాన్ని. గొడుగులు ఎక్కువ కనిపించిన రోజుల్లో కప్పలు ఎక్కువ అరుస్తాయి, అలాగని గొడుగు విప్పితే కప్ప అరవదు. పిల్లలు నవ్వేవాళ్ళు.

ఆ ఏడు వాన పడింది. విత్తనం వానా పడింది, ఊడలు దిగే వానా పడింది. మొదటిది పడిన రోజు నేను కాలేజీ నుంచి నడిచి వస్తున్నాను. దుమ్ము అణిగి మట్టి వాసన లేచింది. జనం అంగళ్ళ ముందుకు వచ్చి చేతులు చాపి నిలబడ్డారు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆమె నా భుజం పట్టుకుని "వచ్చెనమ్మా, వచ్చె" అంది. అనంతపురంలో వాన పడుతుంటే సంతోషించనివాళ్ళు ఉండరు. మా పొలంలో ఎర్ర నేల ఎలా తడుస్తుందో, మామ గట్టు మీద ఎలా నిలబడి ఉంటాడో కళ్ళకు కట్టింది. సంతోషం వేసింది. ఆ వెంటనే, అక్కడ వసారాలో ఆ క్షణాన ఏమనుకుంటూ ఉంటారో కూడా వినబడింది. పోయినాది, వాన వచ్చె. నడిరోడ్డు మీద తడుస్తూ, ఆ వాన ఆగాలో పడాలో తెలియక నిలబడిపోయాను.

పంట పీకాక ఆయన వచ్చాడు. భుజాన పచ్చికాయల సంచి. ఎండకు నల్లబడ్డాడు గానీ మొహం కళగా ఉంది, పెళ్ళిచూపుల నాటి మొహం. నా చిన్న స్టవ్ మీద ఉప్పేసి కాయలు ఉడకబెట్టాను. ఇద్దరం కింద కూర్చుని తిన్నాం. మూడు గింజల కాయ దొరికితే నా వైపు పెట్టేవాడు. ఎంత బాగా వచ్చిందో, కట్టె ఎంత వామి వేశారో చెబుతూనే ఉన్నాడు. అన్నీ విన్నాను. పొట్టు ఎత్తి పారేసి వచ్చి అడిగాను.

"ఈసారి విత్తనానికి నేనొచ్చేదా?"

ఆయన చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఇంకొక్క యేడు సూస్తాం" అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఇంకో గింజ పెట్టి చూద్దామంటున్నాడు. నేను లేకుండా మళ్ళీ వాన పడితే నేను ఎప్పటికీ అక్కర్లేదు. పడకపోతే నేను నిర్దోషిని. అంటే నేను నా ఇంటికి పోవాలంటే ఆ నేల ఎండాలి. ఆయన, మామ, అత్త, కొళాయి దగ్గరి ఇద్దరు కోడళ్ళు, వాళ్ళ గొర్రెలు, అందరూ ఎండితే నాకు దారి తెరుచుకుంటుంది. ఇంత పాపిష్టి లెక్కలో నన్ను నిలబెట్టి ఆయన చివరి బస్సుకు వెళ్ళిపోయాడు. వెళ్తూ, "కాయలు ఎండలో పెట్టుకో, బూజు పడ్తాయి" అన్నాడు.

ఆ మరుసటి ఏడంతా నేను ఆకాశాన్ని చూస్తూ బతికాను. రైల్వే క్వార్టర్స్ పిల్లను, ఏ కార్తె ఎప్పుడు మొదలవుతుందో వేళ్ళ మీద చెప్పే స్థితికి వచ్చాను. మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి, పడు తల్లీ పడు అనుకున్నాను. పడితే నా కాపురం పోతుంది. అయినా పడమనే అనుకున్నాను, ఇంకోలా అనుకోవడానికి నోరు రాలేదు. ఆ పొలంలో మొదటి ఏడు పిడికిలి తెరిచింది నేనే.

పడలేదు. మఖా పోయింది, పుబ్బా పోయింది.

దీపావళి ముందు ఆయన కాలేజీకే వచ్చాడు. ఆఫీసు ముందు వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మ నిన్ను పిల్సకరమ్మనింది. నీ వల్ల గాదు" అన్నాడు.

ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ మాట కోసం. దొడ్లో అడిగాను, కంచం ముందు మౌనంగా అడిగాను, కాయలు ఒలిచి పెడుతూ అడిగాను. ఇప్పుడు వచ్చింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఈ యేడు గూడా ఎండిపాయె గదా."

జేబులోంచి చేతి రుమాలు తీసి విప్పాడు. లోపల విత్తనం గింజలు, పిడికెడు. పసుపు అద్ది ఉన్నాయి. పోయిన ఏడు మంచి పంటలోంచి అత్త ఎత్తిపెట్టినవట. "వచ్చే యేడు మొదటి పిడికెడు నీ చేత్తోనే వెయ్యల్లంట" అన్నాడు. రుమాలు నా చేతిలో పెట్టాడు. గింజలు ఆయన ఒంటి వేడికి గోరువెచ్చగా ఉన్నాయి. ఆ క్షణంలో గది తాళం కూడా వెయ్యకుండా ఆయన వెంట బస్సెక్కాలనిపించింది. ఒక్క మాట అడగకుండా ఉండగలిగితే ఎక్కేసి ఉండేదాన్నే.

"నేనొచ్చినాక, వచ్చే యేడు గూడా ఎండిపోతే?"

ఆయన నా వైపు చూశాడు. తర్వాత పైకి, వేపచెట్టు సందుల్లోంచి ఆకాశం వైపు చూశాడు.

"పడ్తాదిలే. ఈసారి మంచి వానలంటాండారు" అన్నాడు.

నేను అడిగింది ఆయన ఏం చేస్తాడని. ఆయన వాన సంగతి చెప్పాడు. అబద్ధమైనా ఆడలేదు పాపం, అంత మంచివాడు. ఎండిపోతే ఏం జరుగుతుందో ఆయనకూ తెలియదు. తెలియదు కాబట్టే వానను అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ప్రతి మబ్బుకూ ఆయన మొహం చూస్తూ బతకాలి నేను, మళ్ళీ 'కానీ' ఎప్పుడు వస్తుందోనని.

రుమాలు మడిచి ఆయన చేతిలో పెట్టాను. "అత్తనే వెయ్యమని చెప్పు. ఆమె చెయ్యి మంచిదే" అన్నాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా నడిచాం. రోడ్డు దాటేముందు ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. "పోయిరా" అన్నాను.

ఆ పై ఏడు మంచి వాన పడింది. క్లాసులో ఉండగా మొదలైంది, రేకుల మీద ఆ చప్పుడుకు నా మాట పిల్లలకు వినపడలేదు. బోర్డు మీద చుక్కలు పెడుతున్నాను, వాటి మధ్యలోంచి గీత గీయాలి. నేను వెళ్ళి ఉంటే ఆ వాన నా చేతి మీదుగా వచ్చేది. గొడ్డొచ్చిన వేళ, కోడలొచ్చిన వేళ అని అత్త మళ్ళీ వీధి వీధికీ చెప్పుకునేది. ఆయన గొర్రు పట్టుకుని, ఎవరికీ వినపడకుండా ఏదో అనేవాడు. నేను నమ్మేదాన్ని కాదు, అయినా మురిసిపోయేదాన్ని. పిల్లల్ని పొమ్మన్నాను. వాళ్ళు కేకలేస్తూ వానలోకి పరుగెత్తారు. నేను సుద్దముక్క చేతిలో పట్టుకుని, వాన వెలిసేదాకా ఆ గదిలోనే కూర్చుని ఏడ్చాను.